తొడిమ

అక్షరం ముందు, బుడగ తర్వాత.
మొదటిరోజు సుభానీ గారు చెప్పింది ఇదొక్కటే.
నేను వినలేదు.
కోడిగుడ్డంత నున్నగా బుడగ గీసుకుని
అందులో "ఎక్కడికెళ్తున్నావు స్వామీ?" కుక్కాను.
స్వామి కాలు, ఆ వత్తు,
ఫుట్‌బోర్డు మీంచి జారినట్టు
గీత దాటి కిందికి వేలాడింది.

"తెలుగుకి కిందిల్లు కూడా ఉంటది పాపా,
పైఅంతస్తు ఒకటే కడితే
వత్తులు వీధిన పడవూ?"
అంటూ బ్లేడు తీసి
కాగితం చిరక్కుండా నా గుడ్డు గీకేశారు.

అరండల్‌పేట వంతెన దిగాక
ఫ్లెక్సీల కొట్టు పైన ఆ గది.
కింద మిషను గర్రుమన్నప్పుడల్లా
ఆయన బ్రష్షుల డబ్బా వణుకుతుంది.
బోర్డులు రాసిన చెయ్యి,
లారీల వెనక కలువపూలు వేసిన చెయ్యి.
ఇప్పుడు పిల్లల పత్రికకి నెలకి ఆరు పేజీలు,
బొమ్మలు ఎవరివో, మాటలు ఎవరివో,
రాత ఈయనది.

నెలంతా తలకట్లే.
రూళ్ళ మీద వరసగా టిక్కుల్లా పెట్టుకుంటూ పోయాను.
లెక్కల పుస్తకంలో
నాకు జన్మలో పడనన్ని టిక్కులు.

తర్వాత అంచులు.
అరుపుకి బ్రహ్మజెముడు.
గుసగుసకి కుట్టూడిన గీత.
మనసులో అనుకుంటే మబ్బు,
దానికింద చేప వదిలినట్టు మూడు చిన్న సున్నాలు.
మామూలు మాటకే కష్టం.
నోటి దాకా వెళ్ళాలి, నోటికి తగలకూడదు.
"వేలెత్తి చూపినట్టు కాదు,
గడ్డం పట్టుకుని బతిమాలినట్టు దించు."

ఆయన దాన్ని తోక అంటారు.
నాకు తొడిమ అనే వస్తుంది నోటికి.

మా అమ్మ చుట్టుగుంటలో
మిరపకాయలకి తొడిమలు తీస్తుంది, కిలోకి ఇంతని.
కాయ అటు, తొడిమ ఇటు.
రాత్రి వేళ్ళకి నూనె రాసుకుని
ఫ్యాను కింద చేతులు చాపి కూర్చుంటుంది
ఎవరో ఏదో అందుకోవాలన్నట్టు.
ఆమె పొద్దంతా తీస్తుంది,
నేను పొద్దంతా పెడతాను.

మాఘంలో ఊరంతా తుమ్ముతుంది.
ఓ తుమ్ముకి నా నిబ్బు
రాజుగారి ఆజ్ఞలో సున్నాని నల్లగా నింపేసింది.
"గుంటూరు అచ్చుతప్పు" అని
తెల్లరంగు సీసా నా వైపు తోశారాయన.

ఓ శనివారం అన్నారు:
సొంతంగా ఒక గడి వేసుకురా, మీ ఇంట్లోవాళ్ళది.

అమ్మని వేశాను, గుట్ట పక్కన.
చుట్టూ ఇంకో పదకొండుమంది.
ముక్కు మీద అందరికీ గుడ్డలు.
మాటేం పెట్టాలో తెలీక అడిగాను.
"తొడాలు తీస్తా మాటలేంటే,
నోరు తెరిస్తే ఘాటు లోపలికి పోద్ది."
అదే రాశాను. ముందు అక్షరాలు,
కిందింటికి చోటు వదిలి,
చుట్టూ బుడగ.

అక్కడ ఆగిపోయాను.
నోరు కనపడని మనిషికి
తొడిమ ఎటు దించాలి?
పన్నెండు గుడ్డల్లో ఏ గుడ్డ వెనకైనా
ఆ మాట ఉండొచ్చు.
పెన్సిలుతో దించి, చెరిపి, దించి
మూడురోజులు.

అమ్మ చూసింది. కూడబలుక్కుని చదివింది.
"ఇది నేనన్నానా?"
అన్నావు.
"ఇంత పొడుగ్గానా?"
బొటనవేలి గోరు
పెన్సిలు తొడిమ మొదట్లో ఆగింది, అలవాటుగా.
తీసేస్తుందేమో అనుకున్నాను.
చెయ్యి వెనక్కి తీసుకుంది.
కాగితం మీద కాస్త ఎరుపు.

"తుడిచెయ్యి" అన్నారు సుభానీ గారు,
"ఎరుపు కెమెరాకి నలుపుగానే పడుద్ది."

అవునా అన్నాను.
నిబ్బు సిరాలో ముంచి
ఆ మరక మీదుగానే నడిపించి
గుడ్డ అంచు దగ్గర,
తగలకుండా, ఆపాను.