చెక్కుబందీ

పదకొండేళ్లు మండల సర్వేయరుగా
అన్నదమ్ముల మధ్య గొలుసు లాగినదాన్ని.
మోకాటి లోతు బురదలో హద్దురాయి తడిమి
"ఇదిగో, ఇక్కడిదాకా నీది" అని తేల్చినదాన్ని.
బ్రిస్బేన్‌లో, ఫిబ్రవరి ఆఖరి సోమవారం,
మొదటి క్లాసుకి పోతూ దారి తప్పాను.
క్లాసు పేరు భూమి కొలతల శాస్త్రం.
నవ్వకండి.

అరవై మూడో నంబరు భవనం కావాలి నాకు.
అరవై రెండు కనబడింది. దాన్ని ఆనుకుని పద్నాలుగు.
వెనకాల ఎనభై ఒకటి, బి అనే తోకతో.
కట్టిన వరసలో నంబర్లు వేశారట,
నిలబడ్డ వరసలో కాదు.
పంక్తిలో ఎవరెక్కడ కూర్చున్నారో చూడకుండా
పుట్టిన ఏడు ప్రకారం వడ్డించుకుపోయినట్టు.

పైగా గుట్ట మీద కట్టారు.
ముందు గుమ్మంలోంచి పోతే మూడో అంతస్తు,
వెనక గుమ్మంలోంచి పోతే ఒకటి.
రెండోది ఎక్కడుందో లిఫ్టుకి కూడా తెలీదు.

ఫోనులో నీలం చుక్క నన్ను తీసుకెళ్లి
నది మధ్యలో నిలబెట్టింది.
కట్టేసి, తలెత్తాను.
సూర్యుణ్ని నమ్ముకుందాం,
ఆయనకి బదిలీలు లేవు కదా అని.
పన్నెండు దాటింది. కాళ్ల దగ్గర కురచ నీడ.
నీడ పడ్డ వైపు ఉత్తరం అనుకుని
ధైర్యంగా నడిచాను.
అరగంటకి ఫెర్రీ రేవు వచ్చింది.
ఎక్కుతారా అన్నాడు పడవవాడు.

అప్పుడు వెలిగింది.
ఇక్కడి సూర్యుడిది ఎడమచేతి వాటం.
తూర్పునే లేస్తాడు, పడమరే దిగుతాడు,
నడుమ మాత్రం ఉత్తరం గట్టు మీదుగా పోతాడు.
ఏడాదిలో మూడు నెలలు తప్ప
మిట్టమధ్యాహ్నం ఉత్తరానికే పడిన నా నీడ
ఇక్కడ దక్షిణానికి తిరిగి కూర్చుంది.
పుస్తకంలో చదివిందే. పరీక్షలో రాసిందే.
కాళ్లకే ఎవరూ చెప్పలేదు.

నలభై నిమిషాలు ఆలస్యంగా తలుపు తోశాను.
పాఠం చెప్పే ఇంగ్రిడ్ బోర్డు దగ్గర ఆగి
"మొదటిరోజు కనీసం ముగ్గురు సర్వేయర్లు తప్పిపోతారు,
నువ్వు రెండో మనిషివి" అంది.
మూడో మనిషి కోసం అందరం తలుపు వైపు చూశాం.

ఆ రాత్రి పాత అలవాటు కొద్దీ చెక్కుబందీ రాసుకున్నాను.
నెలనెలా దిద్దుకుంటూ వచ్చాను.

తూర్పు: లాన్ గారి కాఫీ బండి, మాడిన పొడి వాసన ఆగేంతవరకు.
దక్షిణం: మాగ్‌పై గూడున్న యూకలిప్టస్.
సెప్టెంబరులో గొడుగు లేకుండా దాటరాదు.
నెత్తిన రెండు గాట్లు సాక్ష్యం.
పడమర: మెట్లవరస. పై నుంచి ఏడో మెట్టు
ఏసీ నీళ్లు కారి ఎప్పుడూ తడి.
అక్కడ ఎడమకి తిరిగితే పరీక్షల హాలు.
ఉత్తరం: సూర్యుడు.
దీని మీద నా అభ్యంతరం అలాగే ఉంది.

జకరాండాలు పూసి, రాలి,
దారులన్నీ ఊదారంగు బురదైన నవంబరులో
ఒక కుర్రాడు ఎదురొచ్చాడు,
చేతిలో రెండు పెన్సిళ్లు, మొహంలో నెత్తురు లేదు.
పుట్టింది ఈ ఊళ్లోనే అట.
పేరు క్యాలమ్ అన్నాడు.
నా చెవికి కాలం అని వినబడింది.
పరీక్షకి ఆరు నిమిషాలుందిట, హాలు ఎక్కడ అన్నాడు.

కాలమే వచ్చి దారి అడిగితే చెప్పకపోతే ఎలా?
కాఫీ వాసన వెనక్కి వదిలెయ్, అన్నాను,
పక్షి చెట్టు దాటు, గూడు ఖాళీ, ఇప్పుడేం చెయ్యదు.
మెట్లు దిగు. తడి మెట్టు దగ్గర ఎడమకి.
భవనం నంబరు చెప్పలేదు. నాకది ఎన్నడూ గుర్తుండదు.
వింతగా చూసి, థాంక్స్ అని, పరుగెత్తాడు.

వాడు మలుపు తిరిగాక గుర్తొచ్చింది,
నిన్న సాయంత్రం నిచ్చెనేసుకుని
ఎవరో ఆ పైపు బాగుచేస్తున్నారు.
ఈపాటికి ఏడో మెట్టు
మిగతా మెట్ల లాగే ఆరిపోయి ఉంటుంది.

పుస్తకాల సంచి వీపు మీద గుద్దుతూ ఉంటే
"కాలం, ఆగు! ఆగవయ్యా కాలం!" అని
పరీక్షల నిశ్శబ్దంలో కేకలేసుకుంటూ
నేనూ పరుగెత్తాను,
నా నీడని తొక్కకుండా.