పీటముడి

ముప్పై యేళ్లుగా బుచ్చిరెడ్డిపాళెం రైసుమిల్లులో
బియ్యానికి నునుపు పెట్టే పని నాది.
మొలగొలుకులు తొట్టిలో పోసి
చెవి ఆనించి రాయి చప్పుడు వింటాను.
ఒక పట్టు, రెండో పట్టు, మూడో పట్టు.
పైపొర రాలిపోతుంది, మొలక రాలిపోతుంది.
దోసిట్లో పోసి చూపిస్తే షావుకారు
"ముత్యాలే మస్తానయ్యా!" అనేవాడు.
ముత్యాలు ఎవురన్నా తింటారా అని
ఆయనకీ తోచలేదు, నాకూ తోచలేదు.

తవుడు బస్తాలు నూనె ఫ్యాక్టరీకి పోయేవి,
మిగిలింది బర్రెలకి.
బర్రెలకి ఇంతవరకూ ఏ డాక్టరూ షుగరు చీటీ రాయలేదు.

ఆసుపత్రిలో నర్సు షంషాదు వేలు పొడిచి
మిషను నావైపు తిప్పింది: మూడొందల పన్నెండు.
"చక్కెర మానేసి ఏడాదైంది తల్లీ" అన్నాను.
ఆమె కట్టు దారాలు రెండు తీసి ముడులేసింది.
"ఇది జారుముడి. లాగు."
లాగాను. ఊడింది.
"నీ తెల్లన్నం ఇంతే. గొలుసు ఇట్టే తెగి
చక్కెరంతా ఒక్కసారే నెత్తుట్లోకి దూకుతుంది.
ఇది పీటముడి. విప్పు."
గోళ్లు నొప్పెట్టాయి గానీ రాలేదు.
"కొర్రలు, సజ్జలు, ఉలవలు, అలసందలు, పొట్టు తియ్యని పెసలు.
వాటిలోనూ చక్కెర గొలుసులే. కాకపోతే
పీచులో చుట్టి బిగించి ఉంటాయి.
కడుపు తీరిగ్గా కూర్చుని ఒక్కొక్కటే విప్పుకోవాల."
విప్పలేని దారం జేబులో వేసుకుని ఇంటికొచ్చాను.

మా వెలుగొండమ్మది కనిగిరి పక్క మెట్ట ఊరు.
పెళ్లినాడు బంతిలో అందరూ వినేట్టు మా అమ్మ అంది
"కొర్రకూడు తిన్న పిల్ల, వరన్నం చూసి బెదిరిపోతుందేమో!"
ఆమె తల దించుకుని తెల్లన్నం కలుపుకుంది.
ఆ తర్వాత మా ఇంట్లో
కొర్రల ఊసే రాలేదు.

చీటీ చదివి వినిపించాను.
నవ్వలేదు, దెప్పలేదు.
అటక మీంచి మూతి కట్టిన కుండ దించింది.
"ఎప్పటివి?" అన్నాను.
"ఏటేటా మా అన్న పంపిస్తాడు.
నువ్వు మిల్లుకి పోయినాక వండుకుంటా."

ముప్పై యేళ్లు. మధ్యాహ్నాలు. ఒక్కతే.

ఇప్పుడు నా సద్దిగిన్నెలో కొర్రన్నం, ఉలవచారు.
నమల్లేక దవడ నొప్పి. మిల్లులో పిల్లకాయలు నవ్వుతారు.
పక్కింట్లో కొత్తబియ్యం వార్చిన ఆవిరి వస్తే
ఇప్పటికీ ముద్ద చేతిలోనే ఆగిపోతుంది.

రాయి తిరుగుతున్నంతసేపూ
జేబులో ఆ దారాన్ని వేళ్లతో తడుముతుంటాను.
ఒకటి రెండు మెలికలు వదులయ్యాయి.
ఆమె మాత్రం, ఎదురుగా కూర్చుని తినమంటే
"నువ్వు తిను, నేను తర్వాత తింటాలే" అంటుంది.