తగిలించడం వేరు

జిరాక్సు కొట్టు గుమ్మం ఎత్తు ఒక అడుగు.
ట్రిప్లికేన్‌లో వాన పడితే ఆ అడుగూ ఉండదు.
లోపల రెండు ప్రింటర్లు, ఒక గమ్ము డబ్బా,
ఎవరో అప్పు తీర్చలేక వదిలేసి పోయిన కంప్యూటరు.
దానికి అనుమానం ఎక్కువ.
పెన్‌డ్రైవు గుచ్చితే
పలకదు.
మూడుసార్లు నొక్కాలి, నడుమ పాస్‌వర్డు చెప్పాలి,
అప్పుడు, సరే పోనీ అన్నట్టు,
మూల ఒక చిన్న బొమ్మ వెలుగుతుంది.

"దీన్ని మౌంట్ చెయ్యడం అంటారండీ" అన్నాను.
కన్నియప్ప నాయుడుగారికి మౌంటంటే రోడ్డు,
కుర్రతనంలో చెప్పులు తెగేదాకా తిరిగిన రోడ్డు.
"ఎక్కేదీ దిగేదీ నాకెందుకమ్మా,
గుచ్చంగానే తెరుచుకోవాల.
హాల్‌టికెట్టోళ్లు మెట్ల దాకా నిలబడుండారు."

ఆ రాత్రి సూళ్లూరుపేట లోకల్లో
గుమ్మిడిపూండి దాటాక సీటు దొరికింది.
ఫోన్లో చూసి, కరెంటు బిల్లు వెనక
రెండు వరుసలు రాసుకున్నాను.
మొదటిది: వచ్చినవాణ్ణి గుర్తుపట్టు.
రెండోది: వాడి సంచి విప్పి పరువు.

పొద్దున్నే టైపు కొట్టాను.
నాయుడుగారు తన డ్రైవే గుచ్చి చూశారు.
టక్కున తెర నిండా ఆయన షుగరు టెస్టులు,
ఆరేళ్లవి.
ముచ్చటపడి నాకు రోజ్ మిల్క్ తెప్పించారు.

వారం రోజులు కొట్టు పరుగెత్తింది.
గుచ్చు, తెరుచుకో, ప్రింటు, చిల్లర, తర్వాతెవరు.
మేన్షన్ కుర్రాడి డ్రైవులో
"రాజీనామా చివరిది", "రాజీనామా నిజంగా చివరిది",
దాని కింద "మళ్లీ చేర్చుకోమని".
వెనకవాళ్లు చదివి నవ్వారు.
వాడూ నవ్వాడు.
చిల్లర తీసుకోకుండా పోయాడు.

ఆ మూడు నొక్కుళ్ల సందులో
కాస్త మాట్లాడుకునేవాళ్లం కదా అని
అప్పుడు తట్టింది నాకు.
ఏ ఊరు, ఎన్ని కాపీలు, పరీక్ష ఎప్పుడు,
ఏది తెరవమంటావు,
ఏది వద్దు.

శుక్రవారం మధ్యాహ్నం అమలోర్పవమక్క వచ్చింది.
సందు చివరి మెస్సులో ఇడియాప్పం వత్తుతుంది.
రేషన్ కార్డు కాపీ కావాలి, ఒక్కటి.
తాళాల గుత్తితో సహా డ్రైవు నా చేతిలో పెట్టింది.
అలవాటుగా గుచ్చాను.

తెర నిండా తనే.
చెంప, భుజం, మోచేయి,
కమిలిన చోట్లన్నీ దగ్గర్నుంచి తీసినవి,
ఒక్కో ఫోటో కింద ఒక తేదీ.
లాయరు చూడాల్సినవి.
క్యూలో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.

ఆమె అరచెయ్యి వచ్చి తెర మీద వాలింది.
ఐదు వేళ్లు, వాటికి ఇంకా బియ్యప్పిండి.
పద్దెనిమిది అంగుళాల తెర.
ఎంతని కప్పుతుంది?

నేను డ్రైవు పట్టుకుని లాగేశాను.
అలా లాగకూడదు, జాగ్రత్తగా తీయాలని
కంప్యూటరు కసురుకుంది.
జాగ్రత్త! ఇప్పుడు గుర్తొచ్చింది దానికి.

కాపీకి డబ్బు తీసుకోలేదు.
అది క్షమాపణ కాదు, రెండు రూపాయలు.

షట్టరు దించేముందు
ఆ రెండు వరుసలూ మళ్లీ చూశాను.
తగిలించడం వేరు, తెరవడం వేరు.
మొదటిదాన్ని ఉండనిచ్చాను,
వచ్చినవాళ్లని గుర్తుపట్టనీ, కుర్చీ వెయ్యనీ.
రెండోదాన్ని చెరపలేదు.
దాని ముందు అడ్డంగా రెండు, నిలువుగా రెండు
గీతలున్న గుర్తొకటి పెట్టాను.
ఆ గుర్తుంటే మిషను ఆ వరుస జోలికి పోదు.
ఎదురింటావిడ తెల్లారి గడప ముందు మొదలెట్టే
ముగ్గులా ఉంది,
ఇంకా చుక్కలు కలవని ముగ్గు.
తెరను కూడా కొంచెం తిప్పాను,
క్యూకి దాని వీపు కనిపించేలా.

ఇప్పుడు గుచ్చితే మూల చిన్న బొమ్మ వెలుగుతుంది, అంతే.
"మళ్లీ మూడు నొక్కుళ్లా?" నాయుడుగారు.
ఒకటేనండీ.
అదీ వాళ్లనే నొక్కమంటున్నాను.