కాని

కాజీపేట దర్గా రోడ్డుల, డీజిల్ షెడ్డుకు తిరిగే మూలమీద
నా డీటీపీ షాపు.
పెండ్లి పత్రికలు, కిరాయి అగ్రిమెంట్లు, పేరు మార్పిడి అఫిడవిట్లు
కొట్టీ కొట్టీ అరిగిన వేళ్లకు
అమెరికా కాయితం అదే మొదలు.

తెచ్చినామె ఇసంపెల్లి మార్త.
ఇరవై రెండేండ్ల సంది సోమిడి చర్చికి
పొద్దుగాల తాళం తీసే మనిషి.
డాలస్ దిక్కు ఏదో ఊర్ల తెలుగు సంఘం పిలిచిందట,
పిల్లలకు వాక్యం చెప్ప, కీర్తన ఎత్త.
"మా అసుంటోల్లకు సుత ఒక వీసా ఉన్నదట అన్నా."

దాని పేరు చదివిన:
పాస్టరు కాని మతసేవకులు.

కాని.
మనిషి ఏందో చెప్పేటందుకు
ఏం కాదో చెప్పుడు.

సరే, చేసే పని చెప్పమన్న.
తాళం తీస్త. ఊడుస్త. జంపఖానాలు దులిపి పరుస్త.
గబ్బిలాల పెంట గీకుత, వానకాలం మరీ ఎక్కువ.
ఆదివారం పిల్లలకు వాక్యం చెప్త.
సదువురాని ముసలోల్ల కోసం
చరణం ముందుగాల నేనంట, ఎనుక వాల్లందుకుంటరు.
ఎవలన్న సచ్చిపోతె రాత్రంత ఆ ఇంట్ల కూసుంట.
ప్రార్థనా? అది పాస్టరు వచ్చి చేస్తడు.
ఆయన వచ్చేదాంక
ఏడుపును నేను పట్టుకుంట.

ఫోన్ల హైదరాబాద్ వకీలు:
ఊడ్చుడు తీసెయ్. అదుంటె కేసు పోతది.
తాళం తీసెయ్. బోధన ఉంచు, కీర్తన ఉంచు.
రెండేండ్లు ఎడతెగకుండ చేసినట్టు రాయి.

బ్యాక్‌స్పేస్ మీద వేలు పెట్టిన.
చీపురు పోయింది. గబ్బిలాలు పోయినయి.
సావింటి రాత్రికాడ వకీలు జరసేపు ఆగి
"సాంత్వన" అని కొట్టమన్నడు.
గంటె ఏందన్నా, అన్నది మార్త.
నువ్వు చేసేదే, అన్న.

పేజీన్నర మనిషి
ఏడు లైన్లయింది.

"మరి గుడి ఎవలు ఊడిసిండ్రని రాసినవ్?"
ఎవలనీ రాయలే.
కాయితం మీద ఇరవై రెండేండ్లు
ఆ గుడి దానంతటదే శుభ్రంగున్నది.

సెప్టెంబర్ ఆఖరున వకీలే మళ్ల ఫోన్ చేసిండు.
ఆ చట్టానికి గడువున్నదట.
పాస్టర్లకు గడువు లేదు, కాని వాల్లకే.
అక్కడి పెద్దలు పొడిగిస్తె నడుస్తది,
లేకుంటె ఆగుతది. ఈపారి ఆగింది.

పదకొండు నెలల కిరాయి అగ్రిమెంట్లు నేను దినాం కొడుత.
దేవుని ఇంట్ల గూడ
కొందరు కిరాయికే ఉంటరని
నాకు తెల్వదు.

మార్త వచ్చి గంప దించింది.
ప్రింటరు మీద రెండు సీతాఫలాలు పెట్టింది,
ఒకటి పండు, ఒకటి ఇంకా కాలే.
చెప్పిన.
షెడ్డుల ఇంజినొకటి ఎటూ పోకుంట
ఉన్నకాడనే ఉరుముతున్నది.

"కానియ్ తియ్యన్నా."

ముప్పై ఏండ్లు అక్షరాలతోని బతికిన.
గుడి ఇస్తె కాని, అంటె కాదు.
గుడి దీర్ఘమిస్తె కానీ, అంటె ఆగు, మాట ఇంకా అయిపోలే.
మా తాత కాలంల కానీ అంటె
ఏగాణికి తక్కువ, దేనికీ రాని బిళ్ల.
కానియ్ అంటె
నడువనియ్ అనీ అయితది, పోనియ్ అనీ అయితది.
ఆమె ఏ లెక్కన అన్నదో అడగలే.

గంప ఎత్తుకుంట తనే అడిగింది:
"నడుమల ఒక్క ఆదివారం నాగా అయితె
ఆ రెండేండ్ల లెక్క తెగుతదా?"
ఏమో, తెగుతదేమో.
"అయితె పోత. జంపఖానాలు దులుపాలె, రేపు ఆదివారం."

అది లెక్కల రాదు గద మార్తా, అన్న.

"ఊడ్వకుంటె పిల్లలు యాడ కూసుంటరన్నా?"