మూడేసి చొప్పున

మాత్రలు మూడేసి చొప్పున లెక్కపెట్టాలి.
ఇది నాకు హల్ష్కా నేర్పింది,
గ్దాన్‌స్క్ ఆసుపత్రి నేలమాళిగలో,
కిటికీ లేని మందుల గదిలో, మొదటి రోజున.
రెండేసి అయితే చెయ్యి నిద్రపోతుంది,
అయిదేసి అయితే కన్ను అబద్ధమాడుతుంది,
మూడు... అని ఊరుకుంది.
ఇరవై ఆరేళ్ళు పనిచేసిన చేతికి
కారణాలు చెప్పే అలవాటుండదు.

అప్పుడు మేం అయిదుగురం.
ఒకామె పురిటికి వెళ్ళింది, ఒకాయన నార్వే వెళ్ళాడు,
ఇంకొకరు ఎందుకు మానేశారో ఎవరూ అడగలేదు.
కుర్చీలు మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు.
వాటి మీద ఇప్పుడు సెలైన్ పెట్టెలు కూర్చుంటాయి,
మాకంటే నింపాదిగా.

ఫోను.
మూడు, ఆరు, తొమ్మిది,
గుండె వార్డు, ఇంకా రాలేదేం?
వస్తోంది. మూడు, ఆరు,
పిల్లల వార్డు, చక్కెర కలిపింది కాదు, కలపనిది.
సరే. మూడు,
గోడ మీద కొత్త తెర
చీటీకి ఎన్ని నిమిషాలు పట్టిందో చూపిస్తుంది.
నాలుగు దాటితే పసుపు, ఆరు దాటితే ఎరుపు.
ఎన్ని దాటితే మనిషి రంగు మారుతుందో
దానికి ఎవరూ చెప్పలేదు.

లెక్క ఇంటిదాకా వచ్చి దిగబెడుతుంది.
ట్రామ్ ఎక్కితే స్టాపులు మూడేసి.
సూపులో బఠాణీలు మూడేసి.
మొన్న వీటోల్డ్ ఏదో చెప్పి, తనే నవ్వి,
నా నవ్వు కోసం ఆగాడు.
ఎన్ని క్షణాలు ఆగాడో చెప్పగలను,
ఏం చెప్పాడో చెప్పలేను.

హల్ష్కా నిద్రలో పళ్ళు నూరుతుందట.
ఒకటి విరిగింది.
చేతిరుమాల్లో చుట్టి తెచ్చి చూపించింది,
"చూశావా, దీనికి సెలవు దొరికింది" అని.
నవ్వాం. ఫోను మోగింది.

నవంబరు, గురువారం, తెల్లవారుజాము నాలుగు.
ఆమె కట్టిన పొట్లం నా చేతికొచ్చింది.
ఎవరో ముసలాయనకి, రక్తం పలచబడే మాత్రలు.
చీటీలో మూడు మిల్లీగ్రాములవి.
పొట్లంలో అయిదువి.
లెక్క మాత్రం సరిగ్గా ఉంది,
మూడేసి చొప్పున, ఒక్కటీ తగ్గకుండా.

నేనేమీ అనలేదు. ఆమె ముందు పెట్టాను.
చూసింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది.
తర్వాత తన చేతుల్ని చూసుకుంది,
తాళం వేసి వచ్చాననుకున్న తలుపు
బార్లా తెరిచి ఉండగా చూసినట్టు.

పొద్దున్నే ఫారం వచ్చింది.
కారణం దగ్గర ఏదో ఒక గడిలో టిక్కు పెట్టాలి.
అజాగ్రత్త. శిక్షణ లోపం. నియమోల్లంఘన.
అయిదుగురి పని ఇద్దరు చేస్తే ఏ గడి?
వరసగా పదకొండో రాత్రికి ఏ గడి?
విరిగిన పంటికి?
అజాగ్రత్త దగ్గర పెన్ను చాలాసేపు నిలబడింది.
ఇరవై ఆరేళ్ళుగా జాగ్రత్త తప్ప
మరొకటి తిని ఎరగని మనిషి.
టిక్కు పెట్టింది, చిన్నది,
ఎవరినీ లేపకూడదన్నట్టు.

పై అంతస్తు నుంచి ఒకాయన దిగొచ్చాడు, మంచివాడే.
ఒత్తిడి తగ్గించుకునే తరగతులట, బుధవారం, గంటసేపు.
ఊపిరి ఎలా పీల్చుకోవాలో నేర్పుతారట.
"ఆ గంట ఇక్కడెవరుంటారు?" అంది హల్ష్కా.
మంచి ప్రశ్న అని రాసుకున్నాడు.
ఆ కాగితం కూడా తనతోపాటే పైకి వెళ్ళింది.

ఆ రోజు ఆమెతో పాటు స్టాపుదాకా నడిచాను.
రేవు వైపు క్రేన్లు మంచులో సగం మునిగి ఉన్నాయి.
సముద్రపు కొంగలు చెత్తడబ్బా మీద కొట్లాడుకుంటున్నాయి.
ట్రామ్ వచ్చింది, ఆమె ఎక్కలేదు.
ఇంకోటి వచ్చింది.
మూడోది వస్తుండగా నా వైపు తిరిగి,
"నువ్వు పట్టుకున్నావు కాబట్టి సరిపోయింది" అంది.

అందరూ అదే అన్నారు.
నోటీసు బోర్డు మీద నా పేరు పెట్టారు: యాగ్నా,
అప్రమత్తతకి అభినందనలు.

ఎవరికీ చెప్పని మాట ఒకటుంది.
ఆ పొట్లం నేను అనుమానంతో విప్పలేదు.
అంటించిన కొస ఊడి వేలాడుతుంటే
విప్పి మళ్ళీ అంటిద్దామనుకున్నాను.
అంతే.

ఆ రాత్రి నా చేతిమీదుగా పైకి వెళ్ళిన
మిగతా పొట్లాలన్నిటికీ
కొసలు బాగానే అంటుకున్నాయి.