ఇరవై నాలుగో బైటు

రేవులోకి రాగానే టెర్నన్ మళ్లీ గుడ్డిదైంది.
సోనార్ తెర నల్లబడింది. కెర్నెల్ కూలిపోతూ
కక్కిన నలభై పంక్తుల్ని
ఫోనులో ఫొటో తీసి పంపాడు హోగ్నీ.
మూలన అతని బొటనవేలు కూడా పడింది.

నడిసముద్రంలో ఎన్నడూ చావదట.
క్లాక్స్‌వీక్ దీపాలు కనబడ్డాకే చస్తుందట.

ఇక్కడ టోర్స్‌హావ్న్‌లో, నా గది కిటికీ మీద
వాన పైనుంచి కాదు, పక్కనుంచి కురుస్తోంది.
సోర్సు మూసేశాను.
అది నేను చేద్దామనుకున్నది మాత్రమే.
చేసింది యంత్రం. దాన్నే అడగాలి.

విప్పి పోసిన అసెంబ్లీలో
విభక్తుల్లేవు, విశేషణాల్లేవు,
తే, కలుపు, పోల్చు, దూకు.
బతిమాలడం తెలియని భాష.

ఆగిన చోట ఆర్‌డీఐలో సున్నా.
తప్పు చిరునామా పద్దెనిమిది;
పదహార్ల లెక్కలో అది ఇరవై నాలుగు.
స్ట్రక్చర్‌ని వేళ్లమీద ఎంచాను:
ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది,
మూడు గదులు దాటితే పింగుల లెక్క ఉండే గది.
ఇల్లే లేదు,
నాలుగో గది తలుపు తియ్యమంటున్నాం.

అయినా ఆ సున్నాని ఆపడానికే కదా
ఆరేళ్ల కిందట ఒక ఇఫ్ రాశాను,
నా చేత్తోనే!
పైకి వెతికాను, కిందికి వెతికాను.
టెస్ట్ లేదు. జంప్ లేదు.
నా ప్రశ్నకు ఒక్క బైటు కూడా దక్కలేదు.

మళ్లీ సోర్సు తెరిస్తే అప్పుడు కనబడింది:
ముందు పంక్తిలో ముట్టుకున్నాను,
తర్వాతి పంక్తిలో ఉన్నావా అని అడిగాను.
చేతులు కాలాక ఆకులెందుకని
కంపైలర్ ఆకులు తీసి పారేసింది.
దాని తర్కంలో తప్పు లేదు.
నా కోపమంతా అందుకే.

సరే, మరి సున్నా ఎక్కణ్ణించి వచ్చినట్టు?
ఫోను చేశాను. వెనక గిన్నెల చప్పుడు.
రేవు చేరగానే ఏం చేస్తారు మీరు?
"ఏముంది బిరిటా, తాళ్లు కడతాం, కాఫీ తాగుతాం."
కాఫీ ఎక్కడ కాస్తారు?
కాసేపు గిన్నెలు కూడా ఆగాయి.
"తుమ్మాస్... సోనార్ పెట్టె ప్లగ్గు పీకి
కెటిల్ పెడతాడు.
చేపల పని అయిపోయిందిగా అంటాడు."

రెండు పంక్తుల్ని తారుమారు చేశాను.
కట్టి, మళ్లీ విప్పి చూశాను.
టెస్టుకి మూడు బైట్లు, జంపుకి రెండు,
ఆలస్యంగా వచ్చిన పిల్లల్లా
తమ చోట్లలో కూర్చుని ఉన్నాయి.

తుమ్మాస్‌కి ఏమీ చెప్పొద్దన్నాను హోగ్నీతో.
రేపు కూడా ప్లగ్గు పీకమను,
చెప్పా పెట్టకుండా, ఎప్పటిలాగే.
అంతకన్నా మంచి పరీక్ష
నా దగ్గర లేదు.