తలుపును వండుకున్న రాత్రి

గ్యాసు ఆగి నలభై రోజులు.
త్బిలిసిలో, మెట్ల మలుపు దగ్గర మా మూడో అంతస్తులో
ఏ పొయ్యిలోనూ పిల్లి లేవడం లేదు.
నాకు తొమ్మిదేళ్లు.
గ్లవ్సు తమ్ముడికిచ్చి
నా చేతులకి మేజోళ్లు తొడిగేది అమ్మ.

వసారా చివర క్లావ్‌దియా గారి ఇనప కుంపటి ఒక్కటే దిక్కు.
కిటికీ అద్దం ఒకటి పగలగొట్టి
దాని గొట్టాన్ని వీధిలోకి తోశారు.
మూడిళ్లకి ఒక మంట.
వంతులు బొగ్గుతో గోడమీద:
పొద్దున మాది, మధ్యాహ్నం ఆవిడది,
ఎవరికీ అక్కర్లేని రాత్రి
వార్దుష్ మామ్మ అడిగి తీసుకుంది.

అమ్మ లోబియో వండేది.
నానిన ఎర్ర చిక్కుడుగింజల్ని మట్టికుండలో
సగం మెదిపి, సగం వదిలేసి,
నూరిన అక్రోటు, నీలిమెంతి పొడి,
కాడలతో సహా కొత్తిమీర.
"అంతా మెదిపితే బోసినోళ్లకి,
అసలు మెదపకపోతే గొడ్లకి" అనేది.

క్లావ్‌దియా గారి బోర్ష్‌లో
వెనిగర్ చుక్క ఆలస్యమైతే
బీట్‌రూట్ రంగు అలిగి వెళ్లిపోతుందట.
వండిన రోజు ముట్టనిచ్చేది కాదు.
నిన్నటిదైతేనే రుచి అనేది, మూత మీద ఇటుక పెట్టి.
ఆకలేసిన పిల్లలకి
రేపు అనే మాటంత చేదు
ఇంకేదీ ఉండదని ఆవిడకి ఎవరు చెప్పాలి?

వార్దుష్ మామ్మకీ అమ్మకీ పదకొండేళ్లుగా మాటల్లేవు.
ఎందుకో ఇద్దరికీ గుర్తులేదు.
రెండిళ్ల మధ్య తలుపు మీది గడియకి మాత్రం
బాగా గుర్తుంది.

ఫిబ్రవరిలో ఆవిడ భర్త ఓన్నిక్ పోయిన రోజు.
ఆయన ఓవర్‌కోటు ఇచ్చి
ఒక ముసలి కోడిని తెచ్చుకుంది.
దంచిన గోధుమలు, కోడి, నీళ్లు.
హరీసాకి ఇంకేం లేదు, మిగతాదంతా చెయ్యే.
తెల్లవార్లూ కలుపుతూనే ఉండాలి,
ఎముక తన పేరు తను మరిచిపోయేదాకా.

రెండు గంటలప్పుడు కట్టెలైపోయాయి.
మంచం కోళ్లు అప్పటికే మండిపోయి ఉన్నాయి.
పుస్తకాల అల్మారా క్రిస్మస్‌కే బూడిదయింది.
అడుగంటితే
పోయినవాడికి మాడు వాసన పంపినట్టే కదా.

చప్పుడుకి లేచాను.
మామ్మ మా తలుపుని
అవతలి వైపునుంచి మడతకీళ్లు ఊడదీస్తోంది.
చేతిలో వెన్నకత్తి. ఏడవడం లేదు, ఆయాసపడుతోంది.
అమ్మ వెళ్లి గడియ తీసింది.
లోపలికెళ్లి గొడ్డలి తెచ్చింది.
ఇద్దరి మధ్యా తలుపు అడ్డంగా పడి ఉంది,
శవంలా కాదు, పిండి పరిచే బల్లలా.

"రంగు గీకాలి," అంది అమ్మ.
"లేకపోతే ఆ పొగ వంటకి పడుతుంది."

పదకొండేళ్ల తర్వాత మొదటి మాట అది.

గీకారు. పైన ఆకుపచ్చ, దాని కింద తెలుపు,
దాని కింద, మా ఎవ్వరికీ తెలియని నీలం.
పెచ్చులు నా మేజోళ్ల చేతుల్లోకి ఎత్తుకున్నాను.
ఓక్ చెక్క నెమ్మదిగా అంటుకుంది,
అంటుకున్నాక ఇక తగ్గలేదు.
ఒకరు కలుపుతుంటే ఒకరు కునికారు,
గరిటె మాత్రం చల్లబడలేదు.

తెల్లారి క్లావ్‌దియా గారు
రొట్టె అంచులు పట్టుకుని వచ్చి కూర్చున్నారు.
గిన్నెలో తెల్లగా, బరువుగా, మెత్తగా,
కోడేదో గోధుమేదో తెలియనంతగా.
తమ్ముడు గిన్నెలో మొహం పెట్టేశాడు.
అమ్మ ఒక చెంచా తిని,
కాసేపు కళ్లు మూసుకుని,
"ఉప్పు తక్కువ" అంది.

"మీ వాళ్ల నాలుకలు ఉప్పులో ఊరబెట్టినవి."

"మీ వాళ్లకి నాలుకలుంటేగా!"

మళ్లీ మొదలు.
ఈసారి వేసుకోవడానికి తలుపు లేదు.

గ్యాసు వచ్చింది. కరెంటూ వచ్చింది.
తలుపు చేయిద్దామని ఏటా అనుకుంటూనే
మామ్మ వెళ్లిపోయింది, తర్వాత అమ్మ.
గోడకి రెండు కీళ్లు ఇంకా ఉన్నాయి.
కింది కీలు నా పంట్లాం చింపుతుంది.
పై కీలుకి ఉల్లిపాయల జడ వేలాడుతోంది.
అది ముందు వేలాడదీసింది
మా అమ్మా, వాళ్ల అమ్మా అని
మామ్మ కూతురు నూనే నేనూ
ప్రతి ఆదివారం, కుండ పొయ్యి మీదుండగానే
దెబ్బలాడుకుంటాం.